చూడకుండా పెట్టిన సంతకం

బ్రాంచి పోస్టాఫీసు,
శింగనమల చెరువు కింద పల్లె,
12 జూన్ 2024

కొండమీది దొరగారికి,

పల్లె పోస్టుమాస్టరు, తమరి అక్క రూతు చేసుకునే విన్నపం. జయరాజూ, నువ్వు గాలిమరల కంపెనీలో సైట్ ఇన్‌ఛార్జివై రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఫోన్లో నాతో మాట్లాడినవి మూడే ముక్కలు. "బాగుండాం", "పనిలో ఉండా", "పెట్టేస్తాండా". చిలకకు నేర్పినా ఈపాటికి నాలుగో ముక్క వచ్చేది.

అందుకే ఈ ఉత్తరం. ప్రేమ పొంగిందనుకోకు, ఇది ఆఫీసు పని. మొన్న మా ఇన్‌స్పెక్టర్ వచ్చి సంచీ బోర్లించి చూసి, "ఏమ్మా, పింఛన్లుండాయి, ఆధార్లుండాయి, ఉత్తరం ఒక్కటీ లేదే" అని దిగులుపడ్డాడు. ఈ ఊళ్లో ఉత్తరం రాయాలని ఉన్నవాళ్లకు కళ్లు కనపడవు. కళ్లు కనపడేవాళ్లకు వేళ్లు ఫోను మీద తప్ప ఆడవు. ఇక మిగిలింది నువ్వే. నెలకొకటి రాసి మీ అక్క ఆఫీసు పరువు నిలబెట్టు.

రాసేటప్పుడు మంచి మాటలు రాయకు, అవి మాకు ఆదివారం ప్రార్థనలో కావలసినన్ని దొరుకుతాయి. నీ వంకర మాటలే రాయి. నాయన నోరు నీకే వచ్చింది. పాస్టరుగారి ప్రసంగాలకు నువ్వు పెట్టిన పేర్లు తలచుకుని ఇప్పటికీ కళ్లు మూసుకుని నవ్వుకుంటాను. పక్కవాళ్లు నాది భక్తి అనుకుంటారు.

ఇక్కడ విత్తనం వేసి అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. నాగలక్ష్మమ్మ పొద్దున వచ్చి, "మబ్బు పట్టినప్పుడన్నా ఆ ఫ్యాన్లు కాసేపు ఆపమని మీ తమ్మునికి చెప్పక్కా, వచ్చిన మబ్బునంతా తోసేస్తాండాయి" అంది. చెబుతానన్నాను. చెప్పాను.

రూతు


గాలిమరల సైట్ ఆఫీసు, కొండమీద,
29 జూన్ 2024

తపాలా శాఖ మహారాణికి,

నాగలక్ష్మమ్మకు చెప్పు. ఫ్యాన్లు ఆపే అధికారం నాకుంటే ముందుగా మా ఆఫీసులో నా నెత్తిమీద తిరిగేదాన్ని ఆపి ఉండేవాణ్ని, అది తిరిగినకొద్దీ వేడెక్కుతోంది.

మా రాజ్యం గురించి అడిగావు కాదు, అయినా చెబుతాను. ముప్పైరెండు గాలిమరలు, ఎనిమిది మంది మనుషులు, ఒక జీపు. ఒక్కో టవరు ఎనభై మీటర్లు. లోపల నిచ్చెన, నెత్తిన యంత్రపు గది. ఎక్కేవాడికి వీపునుంచి తొడల దాకా బెల్టు కడతారు. ఒంటరిగా ఎక్కరాదు, ఇద్దరుండాలి. ఎవడి బెల్టుకు వాడు సంతకం పెట్టుకోరాదు. వీపు మీది కొక్కెం ఎవడికీ తనది తనకు కనపడదు కదా, అందుకని ఒకడిది ఇంకొకడు లాగి చూసి పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టాలి. ఇన్‌ఛార్జికైనా ఇదే రూలు.

రూలు బంగారం లాంటిది, కాబట్టి బీరువాలో పెట్టాం. ప్రతినెలా ఒకటో తేదీన అందరిచేతా ఒక కట్ట కాగితాలమీద సంతకాలు పెట్టించి ఉంచుతాను. రోజూ పొద్దున్నే వీపులు లాక్కుంటూ కూచుంటే గాలి ఆగుతుందా?

ఇక అసలు వార్త. కంపెనీకి మా మనసుల మీద దయ కలిగింది. పనిచేసేచోట దిగులును ముందే గుర్తించాలట. బెంగళూరు నుంచి రేఖ మేడం అని హెచ్ఆర్ ఆవిడ వచ్చి గోడమీద బొమ్మలు చూపించింది. బొమ్మల్లో అందరూ తెల్లగా ఉన్నారు, అందరి ముందూ కాఫీ కప్పు ఉంది. దిగులు కాఫీతో వస్తుందని మావాళ్లకు అర్థమైంది. తర్వాత పది ప్రశ్నల ఫారం. పక్కనే అయిదు ముఖాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా. "రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా?" అని ఆవిడ చదివితే మా బయ్యన్న లేచి, "నాకు మొదట్నుంచీ లేదు మేడం" అన్నాడు.

ఫారాలు నింపి పంపమని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. మావాళ్లు టవర్ల మీద ఉన్నారు. నేనే కూచుని ఎనిమిదీ నింపాను, నాది తొమ్మిదోది. తొంభై ప్రశ్నలకు తొంభై నవ్వు ముఖాలు. చెయ్యి నొప్పి పుట్టింది కానీ బాధ సున్నా అని తేలింది. వారానికే షీల్డు వచ్చింది, "ఆనంద స్థలం" అని చెక్కి ఉంది. స్టోర్ రూంలో గ్రీజు డబ్బాల పైన పెట్టాను.

నవ్వు ముఖానికి ఎర్రన్న ఒక్కడు సరిపోలేదు. మాలో బాగా ఎక్కేది వాడే. ఎక్కుతూ భజన పాటలు పాడితే టవరంతా మోగేది. రెండు నెలలుగా పాట లేదు. గొంతు పోయిందేమో, మిరియాల పాలు తాగమన్నాను.

జయరాజు


బ్రాంచి పోస్టాఫీసు,
8 జూలై 2024

ఆనంద స్థలాధిపతికి,

నీ ఉత్తరం ఇన్‌స్పెక్టరుకు దూరంనుంచే చూపించాను, చదివితే నీ ఉద్యోగం పోతుందని. పెళ్లికొడుకును చూడకుండా తాళి కట్టించిన పేరయ్యలున్నారు కానీ, ఎనిమిది మంది మనసులు ఒక్కడే కూచుని రాసిన గుమాస్తాను నిన్నే చూశాను. అచ్చం మా ఊరి పశువుల లెక్క. దొడ్డి దగ్గరికి పోకుండానే మేకలన్నీ క్షేమం అని రాసుకుపోయారు.

రెండు ప్రశ్నలు. ఒకటి, మిరియాల పాలు తాగాక ఎర్రన్న పాడాడా? రెండు, తొమ్మిదో ఫారం నువ్వు చదివి నింపావా, చదవకుండానా?

రూతు


కొండమీద,
3 ఆగస్టు 2024

ప్రశ్నాపత్రం అక్కకు,

తొమ్మిదో ఫారం సంగతి వదిలెయ్. ఇన్‌ఛార్జికి దిగులుపడే పోస్టు మంజూరు కాలేదు.

ఎర్రన్న నా ప్రాణానికి వచ్చాడు. మంగళవారం వాడూ బయ్యన్నా పదకొండో నంబరు ఎక్కారు. పని అయిపోయింది. బయ్యన్న దిగాడు, వీడు దిగలేదు. యంత్రపు గది పైమూత తెరుచుకుని గంటసేపు దాని నెత్తిమీద కూచున్నాడు. కిందినుంచి అరిచాం. చివరికి బయ్యన్న మళ్లీ ఎక్కి చెయ్యి పట్టుకుని దించుకొచ్చాడు. దిగాక చూస్తే వీపు కొక్కెం తగిలించనే లేదు. పర్మిట్ మీద మాత్రం సంతకం ఉంది. ఒకటో తేదీ సంతకం.

"ఏమప్పా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడిగాను.

"ఏం లేదన్నా."

"మరి ఆడ గంటసేపు ఏం చేస్తాంటివి?"

"ఏం లేదన్నా. దిగబుద్ధి కాలేదు."

చూశావా పొగరు? దిగబుద్ధి కాలేదట. నాకు మాత్రం పొద్దున లేచి షర్టు వేసుకోబుద్ధి అవుతుందా? వేసుకోవడం లేదా? నిర్లక్ష్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో టైపు చేసి పెట్టాను. రేపు ఇస్తాను. షీల్డు వచ్చిన సైటులో ఇలాంటివి సాగనిస్తే కంపెనీ ఏమనుకుంటుంది?

జయరాజు


బ్రాంచి పోస్టాఫీసు,
7 ఆగస్టు 2024

తమ్ముడూ,

ఈసారి నీకు బిరుదు లేదు. ఆ మెమో చించెయ్. ఈ మాట ఫోన్లో కూడా చెప్పాను, నువ్వు "పనిలో ఉండా" అని పెట్టేశావు. అందుకే రాతపూర్వకంగా చెబుతున్నాను.

ఎర్రన్న పొగరుతో కూచోలేదు. వాడికి జబ్బు. మా పోస్టాఫీసు గోడకు ప్రభుత్వం వాళ్ల కాగితం ఒకటి అంటించాను, 14416 అని నంబరు. జిగురు ఎండేదాకా నిలబడి చదివాను కాబట్టి తెలుసు. నిద్ర తప్పడం, తిండి తప్పడం, ఇష్టమైన పని మీద ఇష్టం పోవడం, పదిమందిలో ఉన్నా లేనట్టుండడం. రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలట. ఆ నంబరుకు ఫోన్ చేసి మా తమ్ముని కింద పనిచేసేవాడి సంగతి అని చెప్పాను. వాళ్లు నన్ను విసుక్కోలేదు. నువ్వు విసుక్కున్నావు.

ఇలా చెయ్యి. టవరు ఎక్కనియ్యకు. మందిలో అడగకు. జీపులో పక్కన కూచోబెట్టుకో. "ఏం లేదన్నా" అంటాడు, అది జవాబు కాదు, తలుపు గొళ్లెం. రెండోసారి అడుగు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అడిగినందుకు బరువు దిగుతుందని వాళ్లే చెప్పారు. వచ్చే బుధవారం అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకురా. చీటీ వరసలో నేను నిలబడి ఉంటాను. వరసల్లో నిలబెట్టడం, నిలబడడం నా ఉద్యోగం కదా.

రూతు


కొండమీద,
10 సెప్టెంబరు 2024

డాక్టరు రూతమ్మ గారికి,

ఆ బుధవారం ఆసుపత్రిలో ఎర్రన్న భార్య తిప్పమ్మ నీ చెయ్యి పట్టుకుని ఏడవడం చూశావు. వాడు జీపులో చెప్పింది నువ్వు వినలేదు, చెబుతాను. నేను రెండోసారి అడిగాను. మా బత్తలపల్లె దాటాం. తర్వాత, "అన్నా, ఆ పొద్దు పైన కూచోని, ఈడ్నుంచి పోతే ఎవురికీ బరువుండదులే అనుకుంటి" అన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ మెమో నా జేబులోనే ఉంది. అక్కడే చించి కిటికీలోంచి పారేశాను.

మాత్రలు వాడుతున్నాడు. నాలుగు వారాలైంది. తిండి తింటున్నాడు. డాక్టరు ఇప్పుడే ఎక్కకూడదన్నాడు కాబట్టి స్టోర్ రూంలో వేశాను. బీరువా తాళాలు, పర్మిట్ల కట్ట, ఆఫీసు ఫోను అన్నీ వాడి దగ్గరే. "హలో, ఆనంద స్థలం" అని ఫోన్ ఎత్తుతున్నాడు, ఆ షీల్డు వాడి నెత్తిమీదే ఉంది కదా.

ఇప్పుడు కంపెనీవారి కరుణ విను. సెలవు కాగితం పంపగానే బెంగళూరు నుంచి పెద్ద మేనేజరు ఫోన్ చేశాడు. "సున్నా అని రాసిచ్చినావు కదప్పా. ఇప్పుడు ఈ ఒకటి యాడ నుంచి వచ్చింది?" అన్నాడు. రెండు దారులు చూపించాడు. ఎర్రన్న ఆరోగ్య కారణాలతో తానే రాజీనామా చేసినట్టు రాయించాలి, లేదా నేను షీల్డు వాపసు పంపాలి. షీల్డు పంపుతానన్నాను. పార్శిల్ ఖర్చు సైటుదేనా హెడ్డాఫీసుదా అని అడిగితే ఫోన్ పెట్టేశాడు. మొత్తానికి వాడి ఉద్యోగం నిలిచింది, షీల్డూ నిలిచింది.

వాడి ఎక్కుళ్లు కూడా నేనే ఎక్కుతున్నాను. మనిషి తక్కువ, గాలి ఎక్కువ. నలభై దాటాక నిచ్చెన పొడుగు పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు. నిద్ర కొంచెం తక్కువైంది, పనివల్లే.

జయరాజు


బ్రాంచి పోస్టాఫీసు,
5 అక్టోబరు 2024

ఎనభై మీటర్ల పొడుగు తమ్ముడికి,

గర్వంగా ఉంది. ఇంత మాట నీతో అనడం ఇదే మొదలు, దాచిపెట్టుకో.

మొన్న బత్తలపల్లెలో అంగన్‌వాడీ దగ్గర మీ సువార్త కనపడింది. మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా అంటే, "నాలుగు ఆదివారాలాయ వదినా, ఇంటికి రాలేదు. వచ్చినప్పుడూ గోడకు తిరిగి పడుకుంటాడు. కసురుకుంటే బాగుండు, కసురుకోడం కూడా మానేసినాడు" అంది. కొండ నుంచి ఇంటికి జీపులో గంట. గాలికి ఆదివారం సెలవు లేదని నాకు కథలు చెప్పకు.

ఎర్రన్నకు శ్రీరంగ నీతులు చెప్పి పంపావు. నీకు నిద్ర లేదంటావు, పనివల్లేనంటావు. పనివల్ల అలసినవాడికి నిద్ర పడుతుంది కదా? నేను మళ్లీ అడుగుతున్నాను. తొమ్మిదో ఫారం చదివి నింపావా?

చెనక్కాయల పొడి పంపుతున్నాను. కారం ఎక్కువైందని తిడుతూ జవాబు రాయి.

రూతు


కొండమీద,
11 నవంబరు 2024

ప్రియమైన అక్క రూతమ్మ గారికి,

ప్రభువైన యేసు నామమున వందనములు. నేను ఇక్కడ క్షేమము. మీరందరు క్షేమమని తలంచుచున్నాను.

జవాబు ఆలస్యమైనందుకు క్షమించు. పొడి బాగుంది. సైటులో పనులన్నీ పూర్తి కావచ్చాయి. స్టోరు లెక్కలు సరిచేసి ఎర్రన్నకు అప్పగించాను. అతను మంచివాడు, బాగా కోలుకున్నాడు. ఈ వారం పదిహేడో నంబరు టవరు ఒకసారి చూడవలసి ఉంది, తర్వాత పెద్దగా పని లేదు.

నాయన గడియారం పార్శిల్ చేస్తున్నాను. నాకు అవసరం పడటం లేదు. మీ అబ్బాయి జాకబ్‌కు ఇవ్వు.

నువ్వు నాకు చాలా చేశావు. నీవంటి అక్క ఉండడం నా భాగ్యం. సువార్తను అప్పుడప్పుడు చూసి వస్తూ ఉండు. అందరికీ నా వందనములు చెప్పవలెను.

ఇట్లు,
నీ తమ్ముడు
జయరాజు


అనంతపురం బస్టాండు,
14 నవంబరు 2024, పొద్దున తొమ్మిదిన్నర

జయా,

దీనికి స్టాంపు లేదు. నేనే తెచ్చి నీ చేతికిస్తాను. ధర్మవరం బస్సు ఇంకా కదల్లేదు, డ్రైవరు టీ తాగుతున్నాడు. ఎదురుగా నిలబడితే నువ్వేదో ఒకటి అని నవ్వించి తప్పించుకుంటావు, నేనూ నవ్వి మోసపోతాను. అందుకే రాసుకుని వస్తున్నాను.

ఈ పొద్దు ఎనిమిదికి సంచీ విప్పితే నీ ఉత్తరం, పార్శిలూ ఉన్నాయి. నిలబడే చదివాను. రెండోసారి కూచుని చదివాను. ఒక్క వంకర మాట లేదు. పొడిలో కారం ఎక్కువని లేదు. మన పాస్టరుగారు రాసినట్టుంది.

నాయన గుర్తున్నాడా నీకు? గుర్తుండకేం. ఊరంతటినీ ఆడిపోసుకునే మనిషి, ఆ ఏడు మెత్తబడ్డాడు. అమ్మ వండింది బాగుందన్నాడు. నన్ను "రూతమ్మా" అని పిలిచాడు. ముసలాయన మంచివాడైపోయాడని మనం సంతోషపడ్డాం. ప్రార్థన ఫలించిందని అమ్మ కొబ్బరికాయంత కేకు కోయించింది. నెల తిరగలేదు. ఎలా పోయాడని ఊరు అడిగితే గుండె ఆగిందని చెప్పాం. ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయే ముందు రోజు ఈ గడియారం తీసి నీ చేతికి పెట్టాడు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఇరవై రెండేళ్లు నోరు కుట్టుకున్నాం. ఈ రోజు విప్పుతున్నాను.

నాయనప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, తెలిసీ ఊరుకుంటే నన్ను ఎవరూ క్షమించరు, నేనైతే అసలు క్షమించుకోను. నీ సెల్లుకు చేశాను, ఎత్తలేదు. సైట్ ఆఫీసుకు చేశాను. "హలో, ఆనంద స్థలం" అన్నాడు ఎర్రన్న. "నాయనా, మీ సారు యాడ ఉండాడు?" అన్నాను. "పదిహేడో నంబరుకు పోతాండాడక్కా, పర్మిట్ కాయితం తీసుకున్యాడు" అన్నాడు. "మీ సారుకు నీ జబ్బే వచ్చిండాది. ఎక్కనియ్యద్దు" అన్నాను. వాడు ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోన్ బల్లమీద పడేసిన చప్పుడు, తర్వాత జీపు చప్పుడు వినపడ్డాయి. సువార్తకూ ఫోన్ చేశాను, బత్తలపల్లె నుంచి ఆటోలో బయలుదేరింది.

నువ్వు ఈ కాగితం చదువుతున్నావంటే వాళ్లు నిన్ను ఆపారు. చదివాక ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. ఎర్రన్నను నువ్వు అడిగిన ప్రశ్నే. "ఏం లేదక్కా" అంటే రెండోసారి అడుగుతాను. పదోసారి కూడా అడుగుతాను, నాకు రిటైర్మెంటుకు ఇంకా చాలా ఏళ్లున్నాయి.

బస్సు కదులుతోంది.

అక్క


బత్తలపల్లె,
2 ఫిబ్రవరి 2025

నమ్మకద్రోహి అక్కకు,

నా కింద పనిచేసేవాడిని నామీదికే ఉసిగొల్పిన ఘనత నీది. అసలు ఏం జరిగిందో నేను నీకు పూర్తిగా చెప్పలేదు. ఆసుపత్రిలో మూడు వాక్యాలు చెప్పాను, మిగతా కాలం నువ్వే మాట్లాడావు.

ఆ పొద్దు టవరు కింద బెల్టు కట్టుకుని ఉన్నాను. నాతో బయ్యన్న ఉన్నాడు. వాడిని సామాను తెమ్మని తర్వాతి టవరుకు పంపబోతున్నాను. జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. డ్రైవరు ఓబన్న ఇంకా ఆపనే లేదు, ఎర్రన్న దూకి వచ్చి నా చేతిలోని పర్మిట్ లాక్కున్నాడు.

"ఈడ నా సంతకం ఉండాదన్నా."

"ఉంటే?"

"నేను నీ కొక్కెం చూడలే. చూడకుండా పెట్టినా. చూడకుండా పెట్టిన సంతకం చెల్లదు."

"రేయ్, నేను ఇన్‌ఛార్జినిరా" అన్నాను.

"ఇన్‌ఛార్జివైతే నీ ఈపు నీకు కనపడతాదా?" అన్నాడు.

ఆ కాగితం నా ముందే చించాడు. బీరువాలోంచి తెచ్చిన కట్ట మొత్తం జేబులోంచి తీసి అదీ చించాడు. నెల మొత్తానికి సరిపడే సంతకాలు. కొండమీద గాలి నీకు తెలుసు కదా, ముక్కలన్నీ లోయలోకి ఎగిరిపోయాయి. కంపెనీ ఆస్తి ధ్వంసం కింద మెమో ఇవ్వాలి నిజానికి. ఆ తర్వాత వాడు నిచ్చెన తలుపుకు వీపు ఆనించి నేలమీద కూచున్నాడు. "ఎక్కుతావా అన్నా? నన్ను దాటుకోని ఎక్కు. బయ్యన్నా, నువ్వు ఆ పక్క కూచో" అన్నాడు. నేనూ కూచున్నాను. మధ్యాహ్నం నువ్వు వచ్చేదాకా ఓబన్నతో కలిపి నలుగురం నేలమీదే. సువార్త నీకంటే ముందు వచ్చి నా పక్కన కూచుంది.

నీ ప్రశ్నకు ఆ రోజు తల ఊపాను. ఈ రోజు రాస్తున్నాను. ఔను. పదిహేడో నంబరు ఎక్కాలని అనుకున్నాను. దిగాలని అనుకోలేదు. తొమ్మిదో ఫారం చదివే నింపాను అక్కా. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగాను. అన్నింటికీ నవ్వు ముఖం పెట్టాను. లెక్కలో తొమ్మిదోదైనా ముందు నింపింది దాన్నే. నింపుతున్నప్పుడే భయం వేసింది, మిగతా ఎనిమిదీ అందుకే చదవలేదు.

కారణం ఏమిటో డాక్టరుకు చెప్పలేకపోయాను. ఉద్యోగముంది, భార్య ఉంది, అప్పుల్లేవు. సిగ్గేసింది. "షుగరు వచ్చినాయప్పను కారణం చెప్పమంటామా? ముందు మాత్ర మింగు" అన్నాడు. మింగుతున్నాను. మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెలలో ఒకరోజు టీ రుచిగా తగిలింది. ఇంతే జరిగింది, కానీ ఆ టీని మర్చిపోలేను. ఇంకా బాగాలేని రోజులున్నాయి, ఉంటాయట. ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాను. సువార్త నన్ను కొట్టుకు పంపుతోంది, తెచ్చినవాటికి వంకలు పెడుతోంది. సంసారం దారిలో పడినట్టే.

రేఖ మేడం మళ్లీ వచ్చింది. తొమ్మిది ఫారాలూ నేనే నింపానని చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. "ఇరవై ఒక్క సైట్లు సార్ మనకు. ఇరవై ఒక్కచోటా సున్నానే వచ్చింది. ఇరవై ఒక్క షీల్డులు కొన్నాం" అంది. ఆవిడ ముఖం చూసి మొదటిసారి జాలేసింది, ఆవిడ ఫారం ఎవరు నింపారో.

ఎర్రన్న మధ్యలో వచ్చి, "మేడం, ఎవుని ఫారం వాడే నింపితే ఎట్ల? బెల్టు మాదిరి పక్కోడు చూడాల. కూచోబెట్టి, టీ ఇచ్చి, రెండుసార్లు అడిగి రాయాల" అన్నాడు. ఆవిడ రాసుకుంది. దానికి ఇంగ్లీషులో పేరు పెట్టి, బొమ్మలు వేసి, తామే కనిపెట్టామని మాకు చూపించడానికి రేపోమాపో వస్తారు. కాఫీ కప్పు తప్పకుండా ఉంటుంది. ఉండనీ. ఒకటో తేదీ సంతకాలు మాత్రం పోయాయి. రోజూ పొద్దున్నే వీపులు లాక్కుంటున్నాం. అరగంట ఆలస్యమవుతోంది. గాలి మాకోసం ఆగుతోంది, ఆశ్చర్యం.

నేనూ ఎర్రన్నా ఇద్దరం ఇప్పుడు స్టోర్ రూంలోనే. ఎక్కే పని డాక్టరు ఔనన్నాకే. వాడు మళ్లీ పాడుతున్నాడు. టవరులో మోగినప్పుడు వేరు, రేకుల గదిలో దగ్గరనుంచి వింటే వాడి గొంతు అంత గొప్పదేం కాదు. ఆ మాట వాడికే చెప్పాను.

నాయన గడియారం తిరిగి పంపు. మీ జాకబ్‌కు ఫోన్లో టైం కనపడుతుంది. బాగా చుట్టి పంపు, మీ శాఖ పార్శిళ్లను ఎలా విసురుతుందో నాకు తెలుసు. నీ చెనక్కాయల పొడిలో కారం ఎక్కువైంది. అప్పుడే చెప్పాల్సింది.

నిన్న కొత్త పద్ధతిలో మొదటి ఫారాలు నింపాం. నాది ఎర్రన్న రాశాడు. అయిదు ముఖాల్లో దేనికీ టిక్కు పెట్టలేదు, ఏదీ సారు ముఖంలా లేదన్నాడు. కింద ఖాళీ జాగాలో వాడి కోడిగీతలతో రెండు ముక్కలు రాశాడు. నీ ఆఫీసు గోడకు అంటించుకుంటావేమోనని మక్కీకి మక్కీ దింపుతున్నాను.

"సారు ఈ పొద్దు నా పాటను రెండు తూర్లు తిట్టినాడు. పోయిన నెల ఒక్క తూరి కూడా తిట్టలే. నయమైతాండాడు.

చూసినాను.
ఎర్రన్న"

జయరాజు